ఒకటీ ఎనిమిదీ

నా మీటల్లో ముందుగా అరిగినవి ఒకటి, ఎనిమిది, శాతం గుర్తు. అంతా జీఎస్టీ 18 శాతం పుణ్యం. వ్యాట్ రోజుల్లో 14.5 కొట్టీ కొట్టీ నాలుగు మీద రంగు కాస్త పోయింది గానీ, 2017 జులై 1 నుంచి వేళ్లు దారి మార్చుకున్నాయి. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక టాక్స్ ఆఫీసు బల్ల మీద ఉంటాను. పన్నెండంకెల క్యాలిక్యులేటర్‌ని. కంప్యూటర్లు వచ్చాక మూలపడతాననుకున్నా. టాలీ చూపించిన మొత్తాన్ని కూడా సార్ నా మీద మరోసారి కొడితే గానీ నమ్మరు.

ఉద్యోగం అడగడానికి వచ్చినవాళ్లంతా నా ఎదురుగానే కూర్చుంటారు. బీకాం పట్టా, టాలీ సర్టిఫికెట్, ప్లాస్టిక్ ఫైలు. సార్ కాగితం తిప్పకముందే అడిగేస్తారు.

"ఎక్స్‌పీరియన్స్ ఎంత?"

"ఫ్రెషర్‌ని సార్."

"మరెలాగ?"

ఎవరూ చేర్చుకోకపోతే అనుభవం ఏ కొట్లో అమ్ముతారో ఆయనా చెప్పరు.

అలాగని సార్‌ని పూర్తిగా తప్పుపట్టలేను. 7లోగా టీడీఎస్ కట్టాలి, 11కి జీఎస్టీఆర్-1, 20కి 3బీ. దాటితే జీఎస్టీ రిటర్నులకు రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, పైన వడ్డీ, ఆపైన పార్టీల కేకలు. టాలీలో ఎఫ్5 పేమెంటు, ఎఫ్6 రిసీటు అని గడగడా అప్పజెప్పినవాళ్లే, బిల్లుల సంచీ బోర్లించేసరికి బిక్కమొహం వేస్తారు. కొట్లోకి కొన్న ఫ్రిజ్‌ను ఆస్తి కింద చూపాలని తోచక ఖర్చుల్లో పడేసినవాళ్లున్నారు.

సెప్టెంబరు సంగతి వేరు. 30తో ఆడిట్ రిపోర్టుల గడువు. పని నెత్తిమీదకొచ్చాక సార్ ప్రశ్న మెత్తబడుతుంది. పిల్లలేమో పరీక్షలవగానే ఎండల్లో తిరిగి అలిసిపోతారు. నన్నడిగితే వినాయక చవితి వెళ్లాక రమ్మంటాను.

నూజివీడు అమ్మాయి సరిగ్గా అప్పుడే వచ్చింది. సార్ ఒక ఇనప సామాన్ల కొట్టు బ్యాంకు స్టేట్‌మెంటు ముందుకు తోశారు. "పాసవ్వని చెక్కులన్నీ తీసేశాం. అయినా పుస్తకానికీ బ్యాంకుకీ 630 తేడా. పట్టుకో చూద్దాం."

ఆ అమ్మాయి స్టేట్‌మెంటు ముట్టుకోలేదు. నన్ను దగ్గరికి లాక్కుని 630ని తొమ్మిదితో భాగించింది. సరిగ్గా 70. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోయిందంటే పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చు. వచ్చింది 70 కాబట్టి చూడాల్సింది వందలూ పదుల స్థానాలు, ఆ రెండంకెలకీ మధ్య ఏడు తేడా ఉండాలి. సున్నా-ఏడు, ఒకటి-ఎనిమిది, రెండు-తొమ్మిది. అప్పుడు తెరిచింది కాగితాలు. లారీ ట్రాన్స్‌పోర్టుకి ఇచ్చిన 6,182 పుస్తకంలో 6,812గా ఎక్కింది. సీనియర్ గుమాస్తా కళ్లజోడు సర్దుకున్నాడు. ఆ పద్దు ఎక్కించింది ఆయనే.

"ఎవరు నేర్పారమ్మా?"

"మా నాన్న సార్. మామిడికాయల మండీలో చిట్టా రాస్తారు. సీజన్లో నేనూ కూర్చుంటాను. రాత్రి రోకడ్ కలిస్తేనే ఇంటికెళ్లేది."

"ఇది బయోడేటాలో రాయలేదేం?"

"అది ఉద్యోగం కాదు కదా సార్."

ఏసీ తరగతి గదిలో ఉత్తుత్తి కంపెనీకి రాసిన లెక్కలకు సర్టిఫికెట్టు ఉంది. నిజం సరుకుకి, నిజం బాకీలకి, రైతు ఎదురుగా నిలబడి ఉండగా రాసిన లెక్కలకు ఒక్క లైను లేదు. ఎవరు చెప్తారో ఈ పిల్లలకు, ఇంటి పని లెక్కలోకి రాదని!

సార్ జీతం నోటితో చెప్పరు. నా మీద ఒక అంకె కొట్టి ఎదుటివాళ్లకేసి తిప్పుతారు. సిగ్గో, బేరం అలవాటో తెలీదు. ఆ రోజు కనిపించిన అంకె నాకే చిన్నబుచ్చుగా అనిపించింది. "కొత్త కదా, నేర్చుకునే రోజులు" అన్నారు.

ఆ అమ్మాయి ఆ అంకె చూసింది. ఏసీ మీట నొక్కి దాన్ని చెరిపేసి, నెలకయ్యే బస్ పాసు, హాస్టల్ కలిపి, ఆ పైన ఇంకొంత వేసి, మొత్తాన్ని సార్ వైపు తిప్పింది.

"రోజుకి ఎన్ని వోచర్లు ఎక్కిస్తావ్?" అన్నారు సార్, డ్రాయరు లాగి పెన్ను వెతుక్కుంటూ.