దురద లేని పేగుకు దురద మందు

మన ఇళ్లలో ఒక చుక్కల సీసా ఉంటుంది. పసిబిడ్డకు ముక్కు కారితే అదే, దద్దుర్లు లేస్తే అదే, అర్ధరాత్రి గుక్కపట్టి ఏడ్చినా అదే. దానికిప్పుడు ఇంకో పదవి కట్టబెట్టారు. రెండు నెలల బిడ్డకు పాలు పడక విరేచనంలో జిగట, నెత్తుటి చారలు కనిపిస్తే దానికీ అవే చుక్కలు. "పాల అలర్జీ అన్నారు, ఇది అలర్జీ మందేగా!" ఇంటిపేరు కలిసిందని చుట్టరికం కలిపేశారు.

సీసాలో ఉన్నది యాంటీహిస్టమిన్. హిస్టమిన్ వచ్చి కూర్చోవాల్సిన పీట మీద ముందే తాను కూర్చుంటుంది, దాంతో దురద తగ్గుతుంది. పాలు తాగిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు తేలే రకం అలర్జీకి ఆ మేరకు పనికొస్తుంది. (బిడ్డకు ఊపిరాడకపోయినా, ఒళ్లు వాల్చేసినా దీన్ని నమ్ముకోకూడదు. అప్పుడు కావలసింది అడ్రినలిన్ ఇంజెక్షన్.) నెత్తుటి చారలు తెచ్చే పేగువాపు కథ వేరు. అక్కడ పాల ప్రొటీన్ మీద కత్తి కట్టినవి ఇయోసినోఫిల్స్ లాంటి తెల్ల కణాలు. వాటికి దద్దుర్ల అలర్జీని నడిపించే ఐజీఈ అనే యాంటీబాడీ తోడు అక్కర్లేదు. అందుకే అలర్జీ రక్తపరీక్షలో సాధారణంగా ఏమీ తేలదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అడిగే జాతి మనది. పేగుకు లేని దురదకు మందు పోస్తుంటే మాత్రం అడగం.

"ఏమైనా అనండి, వేసిన రాత్రి హాయిగా పడుకున్నాడు!" పడుకోడా మరి? పాత రకం యాంటీహిస్టమిన్లకు మత్తు పుట్టించడం వెన్నతో పెట్టిన విద్య. అదే మాత్ర వేసుకుని తాతయ్య కునికితే మందు మత్తంటాం, మనవడు పడుకుంటే జబ్బు తగ్గిందంటాం. ఏడుపు ఆగింది, నెత్తుటి చార ఆగలేదు. ప్రొమెథాజిన్ వల్ల శ్వాస మందగించి ప్రాణం పోవచ్చు, రెండేళ్లలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా 2004లోనే హెచ్చరిక ముద్ర వేయించింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్లలోపు వారికి వద్దని లేబుల్ మీద రాయమని మన దేశంలో 2023 డిసెంబరులో ఆదేశించారు. అంత చిన్న అక్షరాలు చదవడానికి కళ్లజోడు ఎవరికి దొరుకుతుంది?

అసలు వినోదం బాలింత పథ్యంలో ఉంది. వంకాయ వద్దు, గోంగూర వద్దు, చల్లనీళ్లు అసలే వద్దు. పొద్దున గ్లాసుడు, రాత్రి గ్లాసుడు పాలు మాత్రం తప్పవు. "పాలు పడాలంటే పాలు తాగాలమ్మా!" పాలు పడ్డాయి, బిడ్డకే పడలేదు. తల్లి తాగిన ఆవుపాల ప్రొటీన్ కొంత చనుబాలలోకి దిగుతుంది. ఇన్ని వద్దుల్లో దోషి ఒక్కటే తప్పించుకుంది.

వైద్యం ఇంతే: చనుబాలు ఆపకుండా, డాక్టరు పర్యవేక్షణలో తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాల పదార్థాలు మానడం, తగ్గాక మళ్లీ తిని చూడటం. మళ్లీ చార కనిపిస్తే దోషి దొరికినట్టే. కనిపించకపోతే పాపం పాలది కాదు, ఆమెను ఊరికే మాడ్చనక్కర్లేదు. డబ్బా పాల బిడ్డకైతే ప్రొటీన్‌ను ముక్కలు చేసిన ప్రత్యేక పాలపొడి. గేదెపాలకో మేకపాలకో మారితే ఒరిగేదేమీ లేదు. వాటి ప్రొటీన్లూ ఆవుపాలకు అక్కచెల్లెళ్లే.

ఇదంతా చెప్పగా చెప్పగా ఒక నాయనమ్మ మెత్తబడ్డారు.

"సరే నాయనా, రేపట్నుంచి కోడలికి చుక్క పాలివ్వను. గడ్డపెరుగుతో సరిపెడతాలే!"