సాగుబడి ఆటలో గడువు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

ఆరు గంట కోడి యరచిన లేవలె;
రాత్రి రెండు లోపు రాని వాడు
సొమ్మసిల్లి పడును, సొమ్ములు కోల్పోవు;
దినము చిన్నదయ్య, తీరవేండ్లు.

అవతారిక: స్టార్‌డ్యూ వ్యాలీ అనే వీడియో గేమ్‌లో, ఆఫీసు ఉద్యోగంతో విసిగిన మనిషి తాత వదిలి వెళ్లిన పొలానికి చేరి సాగు మొదలుపెడతాడు. అమెరికాకు చెందిన ఎరిక్ బారోన్ నాలుగేళ్లకు పైగా ఒంటిచేత్తో తయారుచేసిన ఈ ఆట 2016 ఫిబ్రవరి 26న విడుదలైంది. ఆ కొత్త రైతుకు కాలధర్మం బోధించడమే ఈ పద్య ప్రయోజనం.

ప్రతిపదార్థం: ఆరు గంట = ఆటలో ప్రతి దినమూ మొదలయ్యే వేళ; కోడి అరచిన = కోడి కూయగా (కోళ్లు లేని పొలంలోనూ ఇది కూస్తుంది; ఎవరి కోడో వ్యాఖ్యాతలు తేల్చలేదు); లేవలె = మంచం దిగి నీళ్ల డబ్బా అందుకొనవలెను; రాత్రి రెండు లోపు = ఇరవై గంటలలో, ఆటలోని పది నిమిషాలు బయట సుమారు 7 సెకన్లు గనుక, బయటి గడియారంలో దాదాపు 14 నిమిషాలలో; రాని వాడు = ఇల్లు చేరని రైతు; సొమ్మసిల్లి పడును = ఉన్నచోటనే కూలును; సొమ్ములు = చేతిలోని డబ్బులో పదో వంతు దాకా, అదీ వెయ్యికి మించకుండా; కోల్పోవు = పోగొట్టుకొనును; దినము చిన్నది = పైన లెక్క చెప్పబడినది; అయ్య = పాదపూరణము; ఏండ్లు తీరవు = ఆటకు ఆఖరి సంవత్సరమంటూ లేదు.

తాత్పర్యం: పూటకు గడువుంది, బతుకుకు లేదు.

విశేషాలు: ‘రాని వాడు’ అనడంలో ఔచిత్యం గమనించదగినది. రెండింటికి మెలకువగా ఉండటం నేరం కాదు. బయట ఉండటమే నేరం. సొంత ఇంట్లో నేల మీద పడిపోయినా డబ్బు పోదు. అయితే అర్ధరాత్రి దాటాక పడుకున్నవాడికి మర్నాడు ఒంట్లో సత్తువ తగ్గుతుంది. ఈ రెండో శిక్ష పద్యంలో లేదు. గణాలు సరిపోలేదేమో.

నాలుగో పాదమే పద్యానికి ప్రాణం. దాని బలం తెలియాలంటే ఈ జాతి ఆటలకు మూలపురుషుడైన యసుహిరో వాడా దగ్గరికి వెళ్లాలి. మియజాకి పల్లె వాతావరణంలో పెరిగి టోక్యో చేరిన ఆయన ఆలోచన నుంచే 1996లో జపాన్‌లో ‘బోకుజో మొనొగతారి’ వచ్చింది. అమెరికాలో దాని పేరు హార్వెస్ట్ మూన్. అందులో సాయంత్రం ఆరుకు గడియారం ఆగిపోతుంది. ఒంట్లో సత్తువ ఉన్నంతసేపూ రాత్రంతా దున్నుకోవచ్చు. కానీ రెండున్నరేళ్లు గడిచేసరికి తల్లిదండ్రులు వస్తారు, లెక్క చూస్తారు, ఆట ముగుస్తుంది. 1999 నాటి ‘బ్యాక్ టు నేచర్’లో గడువు మూడేళ్లు, ఊరివాళ్ల మెప్పు పొందనివాడు పొలం వదిలి పోవలసిందే. హార్వెస్ట్ మూన్ మీద అభిమానంతోనే తన ఆట మొదలుపెట్టిన బారోన్ ఈ ఏర్పాటును తలకిందులు చేశాడు. వాడా రైతుకు రాత్రికి అంతు లేదు, బతుకుకు ఉంది. బారోన్ రైతుకు బతుకుకు అంతు లేదు, రాత్రికి ఉంది.

ఈ రెండింటి నడుమ మరో గడువు ఉంది: రుతువు. ఒక్కో రుతువుకు 28 రోజులు, ఏడాదికి 112. వసంతంలో నాలుగు రోజులకు చేతికొచ్చే పార్స్‌నిప్‌ను కాస్త ఆలస్యంగా వేసినా పరవాలేదు. కాలీఫ్లవర్‌కు పన్నెండు రోజులు పడుతుంది. 16న విత్తినది 28న కోతకొస్తుంది. ఎరువు లేకుండా 17న విత్తితే ఎండాకాలం మొదటి ఉదయం పొలంలో వాడిన మొక్కలే కనిపిస్తాయి. అయినా మళ్లీ వసంతం వస్తుంది కాబట్టి నష్టం విత్తనాల ఖర్చు వరకే. తీరని ఏండ్ల ఉపయోగం ఇదే.

దాని వెల కూడా చెప్పుకోవాలి. ఏళ్లు ఎన్ని గడిచినా ఊళ్లోని పిల్లలు జాస్, విన్సెంట్ పెరగరు. పదేళ్లు సాగు చేసిన రైతు ఆ పదేళ్లూ అవే పలకరింపులు వింటాడు.

శంక: ఏండ్లు తీరనివే అయితే మూడో ఏడాది మొదట తాత ఆత్మ వచ్చి లెక్క చూడటమెందుకు? సమాధానం: చూసేమాట నిజమే. సమాధి దగ్గర ఒకటి నుంచి నాలుగు దాకా దీపాలు వెలుగుతాయి. కానీ ఆట ఆగదు, పొలం పోదు. దీపాలు తక్కువైతే అక్కడ ఒక వజ్రం పెట్టి తాతను మళ్లీ పిలవవచ్చు. పరీక్ష తప్పినవాడు ఎన్నిసార్లయినా రాయదగిన పరీక్షను గడువు అనడం కుదరదు.

పాఠాంతరం: గడియారాన్ని నెమ్మది చేసే, ఆపేసే మోడ్లు వాడేవారు చివరి పాదాన్ని ‘దినము తీరదు’ అని మార్చి చదువుకుంటారు. ఈ పాఠం ఛందస్సుకే కాదు, ఆటకూ నప్పదు. నేడు గనికా, చేపలకా అన్న ఎంపిక ఉండేది పొద్దు చాలనప్పుడే. చాలినంత పొద్దు దొరికితే రెండూ చేసి తీరాలి, మిగిలేది చాకిరీ.

చివరి సంగతి. కంప్యూటర్‌లో ఈ ఆట పడుకున్నప్పుడే సేవ్ అవుతుంది, అయిన వెంటనే మరుసటి ఉదయం మొదలవుతుంది. మధ్యాహ్నం ఆపితే ఆ పూట చేసిన పనంతా పోతుంది. కనుక ఆట ఆపదలచినవారు తెల్లవారగానే, ఒక్క మొక్కకైనా నీళ్లు పోయకముందే ఆపాలి.