రబ్బరు అరిగిన చోటు

2005లో టెక్సస్‌లో ఎమ్మెస్ చదివే రోజులు. శనివారం రాత్రి గిన్నెలు కడిగేశాక మా నలుగురికీ ఒకటే పని: హాల్లో కార్పెట్ మీద చేరి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడటం. అప్పుడు నడుస్తున్నది మూడున్నర ఎడిషన్. నాది ఫైటర్, వరంగల్ తమ్ముడిది క్లెరిక్, ఇంకొకడిది విజార్డ్. నాలుగో అతను డంజన్ మాస్టర్.

ఎవరి దెబ్బ ఎంత సూటిగా తగులుతుందో ఆ ఎడిషన్ పుస్తకంలోనే పట్టిక వేసి ఉండేది. ఇరవై ముఖాల పాచిక వేసి, పడ్డ అంకెకు బేస్ ఎటాక్ బోనస్ కలపాలి. ఫైటర్‌కి అది లెవెల్‌కి ఒకటి చొప్పున పెరిగి ఇరవయ్యో లెవెల్‌కి +20 అవుతుంది. క్లెరిక్‌కి ముప్పావు వంతే, +15. విజార్డ్‌కి సగం, +10. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ఈ తేడా ఎత్తేసి, అందరికీ +2 నుంచి +6 దాకా ఒకే బోనస్ ఇచ్చింది. నాకు మాత్రం పాత పట్టికే ఇష్టం. కత్తినే నమ్ముకున్నవాడికి కత్తి దగ్గర పెద్దపీట వెయ్యాలి.

ఏడో లెవెల్‌కి వచ్చేసరికి నాది +7, తమ్ముడిది +5, విజార్డ్‌ది +3. పైగా +6కి చేరినవాడు అదే రౌండ్‌లో రెండో దెబ్బ కూడా వెయ్యొచ్చు. తమ్ముడికి ఇంకా ఒక్కటే.

"నువ్వు వెనక నిలబడి నా గాయాలు చూసుకో, చాలురా" అనేవాణ్ని.

ఆ లెవెల్‌లోనే రెండు నెలలు గడిచాయి. నేను ఎగబడి ముందుకెళ్లడం, పడిపోవడం, అతను లేపడం. ఒక్క వారం తప్పలేదు.

ఆ శనివారం ఎదురైంది కొండరాక్షసుడు. ఆగమన్నా ఆగలేదు. దుడ్డుకర్ర దెబ్బలు రెండూ తగిలి నా ప్రాణం మైనస్ 13కి పడిపోయింది. మైనస్ 10 దగ్గరే చావు. చచ్చినవాణ్ని బతికించే మంత్రం క్లెరిక్‌కి తొమ్మిదో లెవెల్‌కి గానీ అందదు.

తమ్ముడు ఏమీ మాట్లాడకుండా డివైన్ పవర్ వేశాడు. ఇక ఏడు రౌండ్ల పాటు అతని ఎటాక్ బోనస్ ఫైటర్‌తో సమానం. +7, రెండు దెబ్బలు. బలం ఆరు పెరిగింది. వెనక నుంచి విజార్డ్ నిప్పులు కురిపిస్తుంటే, నాలుగో రౌండ్‌లో రాక్షసుడు కూలాడు.

"ఇంత మంత్రం దగ్గర పెట్టుకుని ఇన్నాళ్లూ ఎందుకు వెయ్యలేదురా?" అన్నాను.

అతను తన క్యారెక్టర్ షీట్ నా చేతికిచ్చాడు. క్లెరిక్ సిద్ధం చేసుకున్న మంత్రాన్ని వదులుకుని, దాని బదులు అప్పటికప్పుడు గాయాలు మాన్పే మంత్రం వెయ్యొచ్చు. నాలుగో స్థాయి మంత్రాల గడిలో 'డివైన్ పవర్' అని పెన్సిల్‌తో రాసి ఉంది. రాసి, చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపి ఆ ఒక్క చోట కాగితం పొర లేచిపోయింది. లైటుకేసి పడితే అవతలి వెలుతురు కనబడుతోంది.

"వారం వారం రాసుకునే వచ్చానన్నా. వారం వారం నిన్ను లేపడానికే అయిపోయింది. ఇవాళ నువ్వు చచ్చిపోయావు కాబట్టి మిగిలింది."