పుంగనూరు ఆవుకు ఒంగోలు కొలతలు

"తప్పులుంటే నిర్మొహమాటంగా చెప్పండి" అని రాసి ఒక బొమ్మను వాట్సాప్‌లోకి వదిలినవాడు నిజంగానే తప్పులు అడుగుతున్నాడని మీరు నమ్మారా? అయితే అప్పు తీసుకునేవాడు "వారంలో ఇచ్చేస్తా" అన్నా నమ్ముతారు. ఆ వాక్యానికి అసలు అర్థం "తప్పుల్లేవు, త్వరగా పొగడండి" అని. అది రాసేవాళ్ళ జాబితాలో మొదటి పేరు నాదే వేసుకోండి.

మా సదుంలో కూర్చుని, మూడు రాత్రులు నిద్ర మానుకుని, ఫోను తెర మీద చూపుడువేలితో ఒక ఆవును గీశాను. వెనకాల హార్సిలీ కొండలు. కొండల మీద ఊదారంగు సూర్యాస్తమయం. అక్కడ సూర్యుడు ఆ రంగులో ఎన్నడూ దిగలేదు. అయితే యాప్‌లో ఆ రంగు ఉంది, ఊరికే పోనివ్వడం దేనికి? మొత్తం 14 లేయర్లు. కింద "మా పుంగనూరు ఆవు" అని పేరు, దానికింద ఆ నిర్మొహమాటం వాక్యం. బంధువుల గ్రూపులో పడేశాను.

మూడు సెకన్లలో "సూపర్ అన్నా" వచ్చింది. ఆ వెనకే దండాలు, చప్పట్లు, ఎర్రగుండెలు. "రవివర్మ మళ్ళీ పుట్టినాడు" అని ఒక తమ్ముడు తేల్చేశాడు. మొన్న సంక్రాంతి ముగ్గుకూ వాడు ఈ మాటే అన్నాడు కాబట్టి మా ఇంటిపేరుతో ఇప్పటికి ఇద్దరు రవివర్మలు.

గంట తరువాత మా మామ దిగాడు. "ఏమి రా అల్లుడూ, ఇది పుంగనూరు ఆవా, ఒంగోలు గిత్తా? పక్కన నిలబడిన మనిషి భుజం దాకా ఉండాదే! తోక నేలకు తగలల్లేదే!"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. పుంగనూరు ఆవు మూడడుగులు ఉంటే గొప్ప. తోక ఇంచుమించు నేలను ఊడుస్తూ ఉంటుంది. నా ఆవు ఆరోగ్యంగా అయిదడుగులు పెరిగింది. తోకేమో మోకాలి దగ్గరే ఆగిపోయింది, అక్కడ నాకు నిద్రొచ్చింది కాబట్టి.

ఈ సంగతులు ఒప్పుకుంటే నేను కళాకారుణ్ణి ఎట్లా అవుతాను? "అది నా శైలి మామా" అన్నాను. "కొలతలు కాదు, భావం చూడాల" అన్నాను. చివరికి బ్రహ్మాస్త్రం తీశాను: "నువ్వు గీసి చూపించు!" ఆయన బొమ్మలు గీయడు, నిజమే. నలభై ఏళ్ళుగా ఆవులు మేపుతున్నాడు. తోక గురించి మాట్లాడే హక్కు ఆయనకు లేదంటే ఇక అడగాల్సింది ఆవునే.

ఇంత సున్నితమైన మనసులున్న మనం మదనపల్లె టమాటా మార్కెట్‌ను ఎట్లా సహిస్తున్నామో తెలియదు. అర్ధరాత్రి లేచి, కాయ కోసి, క్రేట్లకెత్తి రైతు తెస్తాడు. కొనేవాడు ఒక కాయ తీసి నొక్కుతాడు. "మెత్త", "మచ్చ", "పచ్చి" అని మొహం మీదే అంటాడు. ఎంత క్రూరత్వం! అక్కడా మన గ్రూపు మర్యాదలు పెట్టాలని నా మనవి. క్రేటు ఏదైనా "సూపర్ అన్నా" అనే పాడాలి. మచ్చ కనిపిస్తే అది రైతు శైలి. కాయ కారుతూంటే కాయను కాదు, భావాన్ని చూడాలి. "కుళ్ళింది" అన్న వ్యాపారిని "నువ్వు పండించి చూపించు" అని గేటు బయటికి పంపాలి. ధరగా క్రేటుకు నాలుగు ఎర్రగుండెలు. వాటితో ఎరువుల అప్పు తీరుతుందో లేదో, రైతు మనసు మాత్రం నిబ్బరంగా ఉంటుంది.

ఇక మనవాళ్ళ ఆఖరి గొడుగు వాన్‌గో. "బతికుండగా ఆయన్నూ ఎవరూ మెచ్చలేదు, నన్నూ మెచ్చలేదు, కాబట్టి..." ఆ 'కాబట్టి' మీద ఎంతమంది వేలాడుతున్నారో! ఆయనకూ కోపం వచ్చిన మాట నిజమే. 1885లో 'బంగాళదుంపలు తినేవాళ్ళు' బొమ్మను వాన్ రాపార్డ్ అనే స్నేహితుడు ఉత్తరంలో ఉతికేస్తే, వాన్‌గో ఆ ఉత్తరాన్నే తిప్పి పంపాడు. స్నేహం చెడింది. ఇంతవరకు మనమూ వాన్‌గోలమే. అయితే అంతకు అయిదేళ్ళ ముందు ఆయన బార్గ్ అనే చిత్రకారుడి పాఠాల పుస్తకం ముందేసుకుని, బడిపిల్లాడిలాగా ఒక్కో బొమ్మనూ దించాడు. మనం ఆయన కోపాన్ని దించుకున్నాం, పాఠాలను వదిలేశాం.

అంత దూరం దేనికి? 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో దిగి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన సంగతి మేం ప్రతి చుట్టానికీ చెప్పి పంపుతాం. ఆయనకు ఆతిథ్యమిచ్చిన ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి, చిత్రకళా విమర్శకుడు కూడా. ఠాగూర్‌కు నోబెల్ వచ్చి అప్పటికే 5 ఏళ్ళు దాటింది. ఆ ఠాగూర్ బొమ్మల్లోకి గట్టిగా దిగింది ఆ తరువాత, అరవై దాటాక. రాతప్రతుల్లో తనకు నచ్చని మాటలను తానే కొట్టేసి, ఆ కొట్టివేతలను ఒకదానికొకటి కలుపుతూ పోతే పక్షులు లేచాయి, మృగాలు లేచాయి. 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టేదాకా వెళ్ళింది వ్యవహారం. ఆయన బొమ్మలు మొలిచిందే కొట్టివేతల్లోంచి. మనకేమో ఎదుటివాడు ఒక్క తోక కొట్టేస్తే ఊపిరాడదు.

విమర్శకులంతా మా మామలని నేననను. "ఫోన్లో వేలితో రుద్దేది కూడా బొమ్మేనా?" అనే పెద్దమనుషులున్నారు. డెబ్బై దాటిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2009 నుంచి ఐఫోనులో, ఆపైన ఐప్యాడ్‌లో పూలూ పొద్దులూ గీశాడు. వీళ్ళది విమర్శ కాదు, బొమ్మ తెరవకుండానే ఇచ్చిన తీర్పు. ఆ మాటకొస్తే "సూపర్" కూడా అదే. మూడు సెకన్లలో పద్నాలుగు లేయర్లు ఎవరు చూస్తారు?

మరి మామకు గంట ఎందుకు పట్టింది? మొన్న ఆదివారం ఆయన ఇంటికి పోయినప్పుడు, కోపం తీరక, ఆ మాటే అడిగాను. చేట చేతిలో పట్టుకుని అత్త జవాబిచ్చింది: "నీ బొమ్మ చూసినాక ఈయప్పకు అనుమానమొచ్చె నాయనా. ఆ చీకట్లో టార్చిలైటు ఎత్తుకుని కొట్టంలోకి పోయి, మన ఆవు తోక చూసొచ్చి గదా నీకు రాసింది!"