మిగిలినవాళ్ల చదువు

మలేషియా సెకండరీ పాఠశాలల్లో నాలుగు, ఐదు ఫారాల పిల్లలు ఎంచుకోగల పాఠ్యాంశాల్లో ‘ప్రిన్సిప్ పెరకౌనన్’ ఒకటి, ‘పెర్నియగాన్’ మరొకటి. మొదటిది అకౌంటెన్సీ, రెండోది వ్యాపార నిర్వహణ. వీటి గ్రేడ్లూ ఫిజిక్స్ గ్రేడూ ఐదో ఫారం చివర రాసే ఎస్.పి.ఎం. పరీక్ష సర్టిఫికెట్ ఒక్కదాని మీదే అచ్చవుతాయి. కాగితం ఒకటే అయినా పంక్తి ఒకటి కాదు. సైన్సు తలకెక్కనివాళ్లు ఊరికే కూర్చోకుండా ఉండేందుకే ఈ రెండూ కనిపెట్టారన్నది అక్కడి చాలా ఇళ్లలో స్థిరపడిన అభిప్రాయం. ఇంటర్లో సీఈసీ అనగానే ‘అయ్యో, ఎంపీసీలో సీటు దొరకలేదా’ అని పరామర్శకు దిగే తెలుగువారికి దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఈ అభిప్రాయానికి ప్రభుత్వ ముద్ర కూడా ఉంది. నూటికి 60 మంది సైన్సు, 40 మంది ఆర్ట్స్ చదవాలని 1967లో ఉన్నత విద్యా ప్రణాళికా సంఘం తేల్చింది. అదే ఏడాది పార్లమెంటు అకౌంటెంట్ల చట్టం చేసి, మలేషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అకౌంటెంట్స్‌ను ఏర్పాటు చేసింది. అందులో సభ్యత్వం లేనివాడు తాను అకౌంటెంటునని చెప్పుకోరాదు. వృత్తికి అంత గౌరవం, దానికి దారితీసే చదువుకు నలభైలో ఒక మూల. అరవై శాతం సైన్సు కల నెరవేరలేదు. తర్వాత 2020 నాటికి 60 వేల మంది అకౌంటెంట్లు కావాలని ఇంకో లక్ష్యం పుట్టింది. 2020 వచ్చి వెళ్లింది, ఇన్‌స్టిట్యూట్ సభ్యులు మాత్రం 40 వేలకు చేరలేదు. అరవై అనే అంకె మీద ప్రణాళికలు వేసేవారికి ఏదో మమకారం ఉన్నట్టుంది. ఆ 2020లోనే నాలుగో ఫారంలో సైన్సు, ఆర్ట్స్ విభజన రద్దు చేసి ‘ప్యాకేజీలు’ తెచ్చారు. పేరు మారింది కాబట్టి చిన్నచూపు కూడా పోయిందనే అనుకోవాలి.

ఇక అకౌంటెన్సీ పాఠ్యాంశం. 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అచ్చువేయించిన జంట పద్దు విధానమే నేటికీ దీనికి పునాది. పాఠ్యపుస్తకంలోని వ్యాపారి ఆదర్శ పురుషుడు. ప్రతి అమ్మకానికీ రసీదు రాస్తాడు. కొట్లోంచి సబ్బుబిళ్ల ఇంటికి తీసుకెళ్లినా సొంతవాడకాల ఖాతాలో చూపుతాడు. బల్ల మీద, బండి మీద తరుగుదల కట్టనిదే ఏడాది ముగించడు. ఇలాంటివాడు మలేషియాలో ఏ వీధిలో కొట్టు పెట్టాడో ఎవరికీ తెలియదు. వీధి చివరి కిరాణా కొట్లో చిరకాలం రాజ్యమేలింది జేబులో పట్టే 555 నోటుపుస్తకం. అందులో డెబిట్ లేదు, క్రెడిట్ లేదు. ఎవరు ఎంత బాకీయో ఉంటుంది, తీర్చగానే కొట్టివేత ఉంటుంది. దేశంలో సగం వంటిళ్లను నెలాఖరు దాటించిన ఇలాంటి లెక్కకు సిలబస్ ఇచ్చిన పేరు ‘అసంపూర్తి రికార్డులు’. ఐదో ఫారం పిల్లలు దాన్ని సంపూర్తి చేసి మార్కులు తెచ్చుకుంటారు.

సిలబస్‌కు గుండెకాయ అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్స్. డెబిట్ల మొత్తం, క్రెడిట్ల మొత్తం సమానం కావాలి. కాకపోతే తేడాను అనామతు (సస్పెన్స్) ఖాతాలో పడేసి, తప్పు వెతకాలి. అంకణా సరిపోయినంత మాత్రాన లెక్క నిజమని కాదని, కొన్ని తప్పులు అందులో బయటపడవని కూడా అక్కడే నేర్పుతారు. పుస్తకం మొత్తంలో ఇంతకన్నా విలువైన వాక్యం లేదు. పరీక్ష అయ్యాక దాన్ని గుర్తుపెట్టుకునేవాళ్లూ లేరు. తోటల పద్దుల తీరూ అలాంటిదే: ఒకప్పుడు పేరాక్ రాష్ట్రం బాగాన్ దతో కొబ్బరి తోటల్లో తెలుగు కూలీల హాజరు, కూలి, కోతలు అన్నీ తోట గుమాస్తా పుస్తకంలోనే ఉండేవి. లెక్క సరిపోయేది, ఎవరికి సరిపోయేదన్నది వేరే సంగతి.

లెక్క సరిపోవడం వేరు, నిజం కావడం వేరన్న ఈ పాఠాన్నే పెద్దలు పెద్ద అంకెలతో చేసి చూపించారు. లేని నగదును ఉన్నట్టు రాశామని సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు హైదరాబాద్‌లో ఉత్తరం రాసింది 2009 జనవరి 7న. మలేషియా ప్రభుత్వ పెట్టుబడి సంస్థ వన్ ఎండీబీ అవతరించిందీ ఆ ఏడాదే. దాని నుంచి 450 కోట్ల డాలర్లకు పైగా దారి మళ్లాయని అమెరికా న్యాయశాఖ తర్వాత ఆరోపించింది. ఆ సంస్థ లెక్కల మీద ఆడిట్ సంస్థలు కేపీఎంజీ, డెలాయిట్ వరుసగా సంతకాలు చేశాయి. ఆ లెక్కలను నమ్ముకోవద్దని ఆనక అవే ప్రకటించాయి. పదహారేళ్ల పిల్లకు అంకణాలో పది రింగిట్లు తేడా వస్తే మార్కు పోతుంది. మార్కులు వేసే పద్ధతి పైకి వెళ్లేకొద్దీ ఉదారమవుతుంది.

వ్యాపార నిర్వహణ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. సాహసం, సృజన పారిశ్రామికవేత్త లక్షణాలని అందులో ఉంటుంది. వాటిని పుస్తకంలో ఉన్న వరుసలోనే బట్టీపట్టడం క్షేమమని ట్యూషన్ మాస్టార్లు చెబుతారు. సృజన చూపిస్తే మార్కులకు పూచీ లేదు. బజారు అంత క్రమంగా నడవదు. మలేషియాలో 2015 ఏప్రిల్ 1న 6 శాతంతో వచ్చిన జీఎస్టీ 2018 జూన్ 1న సున్నా అయింది, సెప్టెంబర్ 1న పాత అమ్మకం పన్ను, సేవా పన్ను తిరిగొచ్చాయి. 2017లో నాలుగో ఫారంలో చేరిన విద్యార్థి చదువు మొదలుపెట్టినప్పుడు బిల్లు మీద ఉన్న పన్ను ఒకటి, పరీక్ష హాలుకు వెళ్లేనాటికి ఉన్నది మరొకటి. మధ్యలో మూడు నెలలు జనం ఎగబడి కార్లు కొన్నారు. గిరాకీ అంటే ఏమిటో అంత బాగా చెప్పే అధ్యాయం పుస్తకంలో లేదు.

చివరిది, పై చదువు. అకౌంటింగ్ డిగ్రీలో చేరడానికి చాలా విశ్వవిద్యాలయాలు ఎస్.పి.ఎం.లో ముఖ్యంగా చూసేది గణితంలో మంచి గ్రేడు. ప్రిన్సిప్ పెరకౌనన్ చదివి ఉండాలన్న పట్టింపు వాటికి లేదు. అందుచేత వైద్యం సీటు రాని సైన్సు విద్యార్థి కూడా అక్కడికే వస్తాడు. రెండేళ్లు అంకణాలు కట్టి వచ్చినవాడూ, రెండేళ్లు కప్ప బొమ్మలు గీసి వచ్చినవాడూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. లెక్చరర్ ఇద్దరికీ కలిపి మొదటి నుంచి మొదలుపెడతాడు: ఎడమవైపు డెబిట్, కుడివైపు క్రెడిట్.