జనరేటర్ షెడ్డు వెనక ఓపీ

పెద్దాసుపత్రిలో 'పొగ తాగరాదు' బోర్డు కింద ఎవరూ తాగరు. జనరేటర్ షెడ్డు వెనక్కి వెళ్లి చూడండి. డ్యూటీ డాక్టరు గారికి వార్డుబాయ్ అగ్గిపెట్టె అందిస్తాడు, ఎక్స్‌రే టెక్నీషియన్ ఫార్మసిస్టుకు సగం సిగరెట్టు దానం చేస్తాడు. ఆసుపత్రిలో ఏ రెండు విభాగాల మధ్యా లేని సమన్వయం! ఆ తర్వాత అదే డాక్టరు గారు లోపలికొచ్చి, దగ్గుతున్న తాతను 'బీడీలు మానేశావా లేదా?' అని గదమాయిస్తారు. తాతకు మందుచీటీ కన్నా ముందు ఆ వాసనే అందుతుంది.

2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం (కోట్పా) కింద ఇక్కడ పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా. విమానాశ్రయంలోనైనా పొగగది పెట్టుకోవచ్చుగానీ ఆసుపత్రికి ఆ వెసులుబాటు లేదు. మరి వసూలు? రసీదు పుస్తకం ఉన్నాయనా షెడ్డు వెనకే ఉన్నాడు!

పొగాకు వ్యతిరేక దినమైన మే 31న మాత్రం ర్యాలీ, ప్రతిజ్ఞ, ఫొటో. సిబ్బందికి కౌన్సెలింగ్, నికోటిన్ గమ్ ఇద్దామంటే నిధుల్లేవట, ఫ్లెక్సీకి ఉన్నాయి. ఆ గమ్ లాంటి నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్స 2022లోనే జాతీయ అత్యావశ్యక మందుల జాబితాకెక్కింది. రోగికి రాసే మందు పక్క కుర్చీలోని నర్సన్నకు పనికిరాదా? (వరస నైట్ డ్యూటీలు వేసి, విశ్రాంతి గదికి తాళం వేస్తే సిగరెట్టే విశ్రాంతి అవుతుంది. అది వేరే సంగతి.)

సూపరింటెండెంటు గారూ, ఈసారి ఫ్లెక్సీ మానేసి, పొగాకు మానడానికి సాయపడే క్విట్‌లైన్ నంబరు 1800 11 2356ను ఆ షెడ్డు వెనక గోడ మీద రాయించండి. చదివేవాళ్లంతా అక్కడే ఉన్నారు.