నాకు తెలుసు, పక్కాయనకే తెల్వదు

ఆర్థికశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ గారికి ఒక సౌకర్యం ఉంది. బోర్డు మీద ‘ఇది అందరి ఉమ్మడి ఎరుక అనుకుందాం’ అని రాసేస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా అయిపోతుంది. ఉమ్మడి ఎరుకంటే అందరికీ తెలియడం ఒక్కటే కాదు. అందరికీ తెలుసన్న సంగతి అందరికీ తెలియాలి, అదీ అందరికీ తెలియాలి, అలా అంతు లేకుండా. 1976లో రాబర్ట్ ఆమన్ దీన్ని గణితంలో బిగించాడు. ఆ అంతులేని గొలుసును ఉస్మానియాలో ఒక్క సుద్దగీతతో తేల్చేసి, సారు చాయ్ తాగడానికి తార్నాక వస్తారు. జేబులో పది రూపాయల బిళ్ల.

“నడుస్తలేదు సార్, నోటియ్యుండ్రి.”

“రిజర్వ్ బ్యాంకు చెల్లుతదన్నది కదయ్యా?”

“నాకెర్కనే సార్. పాలాయన తీస్కోడు.”

పాలాయనకూ ఎరుకే, కిరాణా సేటు తీసుకోడట. సేటుకూ ఎరుకే, గిరాకీ తీసుకోదట. ఆ గిరాకీ ఎవరో కాదు, మన సారే. నిన్న చిల్లరలో బిళ్ల వస్తే “నోటు లేదా?” అన్నది ఆయనే. తార్నాకలో తెలివితక్కువవాడు ఒక్కడూ లేడు. అందరూ పక్కవాడి తెలివితక్కువతనాన్ని ముందే లెక్కగట్టిన మేధావులే.

రిజర్వ్ బ్యాంకు ఊరుకోలేదు పాపం. 2016 నవంబరులో ఒక ప్రకటన. 2018 జనవరిలో ఇంకొకటి: 14 రకాల డిజైన్లు, అన్నీ చెల్లుతాయి, రూపాయి గుర్తు ఉన్నా లేకున్నా. (ఆ గుర్తు పుట్టిందే 2010లో. అంతకుముందు అచ్చయిన బిళ్ల మీద అదెట్లా ఉంటుందని అడిగిన పట్టభద్రుడు లేడు.) అనుమానముంటే 14440కి ఫోన్ చేయమన్నారు, చెవిలో చెబుతామని! చెవిలో చెబితే నాకు తెలుస్తుంది. నాకు తెలిసినట్టు చాయ్ కొట్టాయనకెట్లా తెలియాలి? ఊరి నడుమ డప్పు కొట్టి దండోరా వేసినవాడు ఏ యూనివర్సిటీలోనూ చదవలేదు. కానీ జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వినాలన్న కిటుకు వాడికి తెలుసు.

అన్నట్టు, కేంద్ర ప్రభుత్వ టంకశాలల్లో ఒకటి ఉన్నది ఎక్కడో ఢిల్లీలో కాదు, నాచారం దాటితే వచ్చే చర్లపల్లిలో. నాణేలు కొట్టే ఊరే నాణేన్ని చూసి మొహం తిప్పుకుంటోంది.

ఇంతకీ చాయ్ కొట్టాయన్ని తప్పుపట్టేదెట్లా? బ్యాంకు శాఖలే నాణేలు తీసుకోవడం లేదని ఫిర్యాదులొచ్చి, 2018 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకే మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది: బాబ్బాబు, కౌంటర్లో తీసుకోండని.